అవుకు పళ్లు, నంద్యాల దవడ

పిల్ల పళ్లు వంకరైతే తల్లి పుట్టింటిని తిట్టడమెందుకని ఎంత మొత్తుకున్నా ఒక్కరూ వినలేదు. రెండేళ్లకే మానేసిన ఉద్యోగానికి జ్ఞాపకాలేంటని మీరు నవ్వొచ్చు. కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఫోన్లో టైప్ చేస్తున్నాను.

నంద్యాల జిల్లా అయిన ఏడాది, అక్కడొక ప్రైవేటు పళ్ల ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్‌గా చేరాను. హైదరాబాద్‌లో పెరిగినదాన్ని. వంకర పళ్లని సరిచేసే తీగలు కట్టడం సీనియర్ పని. నోట్లో మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీసి, అందులో ప్లాస్టర్ పోసి నమూనా చేయడం నా పని.

ఒకరోజు తొమ్మిదో తరగతి వర్షిణిని తీసుకొచ్చారు. చోటు చాలక పళ్లు ఒకదాని మీదొకటి ఎక్కాయి. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వదు. క్లాసులో పాఠం చదవమంటే లేవదు. వెంట అమ్మ, ఆళ్లగడ్డలో పెరిగి ఇప్పటికీ రోజూ బస్సులో అక్కడికే వెళ్లి విగ్రహాలు చెక్కే నాన్న, అవుకులో పుట్టి పెరిగిన నాయనమ్మ.

"మా ఇంట్ల ఎవురికీ ఇట్లాంటి పండ్లు లేవమ్మా. అన్నీ ఆయమ్మ పుట్టింటివే" అంది నాయనమ్మ. కోడలు నేలకేసి చూసింది.

నాకు ఒళ్లు మండి నలుగురికీ అచ్చులు తీశాను. నమూనాలు బల్ల మీద పెడితే, పెద్దావిడది వెడల్పు దవడ, పళ్లు వరుసగా ఉన్నాయి. పల్లెలో పెరిగిన కోడలివీ అంతే. కొడుకు దవడ కొంచెం ఇరుకు, మనవరాలిది మరీ ఇరుకు. పళ్ల సైజు చాలావరకు వంశంలో వస్తుందనీ, దవడకి మాత్రం చిన్నప్పుడు నమిలే తిండి కూడా కొంత కారణమనీ చెప్పాను. నాయనమ్మకి అవుకులో జొన్నరొట్టె, కొడుక్కి ఆళ్లగడ్డలో సగం రొట్టె సగం అన్నం, మనవరాలికి నంద్యాలలో పాలల్లో ముంచిన బన్ను. కోడలు మొదటిసారి తలెత్తింది.

"అంటే తప్పు తిండిదే కదా. రొట్టె పెడితే సరిపోతాది. తీగలేమిటికి?" అని పెద్దావిడ అందరినీ లేవదీసుకుపోయింది.

మూడు నెలలకి మళ్లీ వచ్చారు. పూటపూటా రొట్టె నమిలి వర్షిణికి దవడ నొప్పి. పళ్లు మాత్రం ఎక్కడివక్కడే. నాన్న మీద అరిచాను: "తిండితో దవడ పెరిగే వయసు దాటిపోయింది. విగ్రహం చెక్కడం అయిపోయాక రాయి చాల్లేదని, రాయిని పెంచుతారా అన్నా?"

ఆయన వర్షిణిని కుర్చీలో కూర్చోబెట్టాడు. "యాడ పెరుగుతాది మేడం. కట్టండి తీగలు."

"కట్టుకోండి" అంది పెద్దావిడ. "రొట్టెతోనే సరయ్యేటివి. ఆయమ్మ మెత్తగా చేసింటాది."

కుర్చీలో ఉన్న వర్షిణి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి నవ్వేసింది.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే: తీగ కడితే పన్ను జరుగుతుంది, కోడలి మీద వేసిన నింద జరగదు. కాదంటారా? అయితే మీ ఇంట్లో పిల్లకి ఏ తేడా వచ్చినా మొదట ఎవరి పుట్టింటి పేరు వస్తుందో చెప్పండి చూద్దాం?