సేటు ట్యాంకులో నేను తీసిన కలుపు

ఆ రోజుల్లో డిగ్రీ పట్టా చేతికొచ్చిన ఎవరైనా కొన్నాళ్లు తమకు అన్నీ తెలుసనుకుంటూ తిరిగేవారు. నేను ఇంకొంచెం ఎక్కువ రోజులు తిరిగాను. కొడకండ్ల దగ్గర మా పత్తి చేను, కాలేజీలో వృక్షశాస్త్రం, ఈ రెండు తప్ప లోకం చూడకుండానే జనగామలో ఒక బట్టల కొట్టులో పనికి కుదిరాను. యజమానిని అందరిలాగే నేనూ సేటు అనేవాణ్ణి. ఆయన ప్రాణమంతా కౌంటరు పక్కనున్న ఉప్పునీళ్ల అక్వేరియంలో ఉండేది. అందులో సముద్రపు రాళ్లు, నారింజ చారల చేపల జంట, నడుమ గులాబీ రంగు పగడం ఉండేవి. పగడమంటే ఉంగరంలో పొదిగే రాయి అనుకునేరు, కాదు. బతికున్న జీవి, పొద్దున పువ్వులా విచ్చుకునేది. చీరలకు వచ్చినవాళ్లు ముందు దాని ఎదుట నిలబడేవారు (చీరల సంగతి మరిచి అట్నుంచటే వెళ్లిపోయినవారూ లేకపోలేదు).

ఒకసారి సేటు దంపతులు పదిహేను రోజులు కాశీయాత్రకు బయలుదేరారు. మోకాళ్ల నొప్పుల వల్ల సేటు తల్లి ఇంటిపట్టునే ఉండి, పగలంతా కౌంటరు దగ్గర కుర్చీలో కూర్చునేది. ఆమెను నేను అవ్వా అని పిలిచేవాణ్ణి. వెళ్తూ వెళ్తూ సేటు నా భుజం మీద చెయ్యేశాడు. “నువ్వు బీయస్సీ కదా, ట్యాంకు నీకే అప్పజెప్తున్న. ఆ పగడం జర పైలం. మా బిడ్డ మొదటి జీతంతోని కొనిచ్చింది. దానికేమన్న అయితే నువ్వు మల్ల ఈ కొట్టు మెట్లెక్కకు.” నేను ఛాతీ విరుచుకుని తలూపాను.

రెండో రోజే పగడం పక్కన రాతి మీద గోధుమరంగు మొక్క ఒకటి కనబడింది. సన్నటి కాడ, పైన వెంట్రుకల్లాంటి రేకులు. పత్తి చేనులో పెరిగిన చేతులు ఊరుకుంటాయా? గుడ్డలు కత్తిరించే కత్తెరను శుభ్రంగా కడిగి, దాన్ని కోసి, ముక్కలను మళ్లీ ముక్కలు చేశాను. వేలు కాస్త చురచురలాడింది. మొక్క కుట్టడమేమిటని వృక్షశాస్త్రం చదివిన నా బుర్రకు తట్టనే లేదు. “కలుపు తీసిన అవ్వా” అన్నాను గర్వంగా. “నీళ్లల్ల కలుపేంది కొడుకా?” అని ఆమె కళ్లజోడు సర్దుకుంది.

పదో రోజుకు ఒకటున్న చోట ఇరవై పైగా మొలిచాయి. పగడం ముడుచుకుపోయి, రంగు వెలిసిన గుడ్డలా అయింది. ముందు మా నాయినకు ఫోన్ చేశాను. అంతా విని, “ముక్కలు ముక్కలు జేసి నీళ్లల్లనే ఇడిశినవా?” అని అడిగాడు. అవునన్నాను. “గది కలుపు తీసుడు కాదు బిడ్డా, నాటేసుడు” అని పెట్టేశాడు.

తరువాత, హైదరాబాదు నుంచి నెలకోసారి వచ్చి ట్యాంకు బాగోగులు చూసే ఆయనకు ఫోన్ చేశాను. ఆయన అది ఎలా ఉందో అడిగాడు. అది మొక్క కాదట, జంతువట. ప్రతి ముక్కా మళ్లీ కొత్తదై లేస్తుందట, పక్కనున్న పగడాన్ని కుట్టి చంపుతుందట. “చిక్కటి సున్నం సిరంజితోని దాని నోట్లె పెట్టాలె. ఆ సున్నం మందు నేనే పంపిస్త, కానీ వారం పడతది” అన్నాడు. సేటు వచ్చేది ఐదు రోజుల్లో.

పక్కనే వింటున్న అవ్వ, “సున్నమేనా? గింత దానికి గంత పరేషాన్ ఎందుకు?” అంటూ నడుముకు దోపుకున్న సంచిలోంచి తమలపాకుల సున్నం డబ్బీ తీసింది. అందులో వాసనలూ రంగులూ ఏవీ కలపలేదని తెలుసుకున్నాక ఫోన్‌లో ఆయన సరేనన్నాడు, రోజుకు ఐదారు వాటికి మించి పెట్టొద్దన్నాడు. నీళ్లు తిప్పే మోటారు ఆపి, మందుల షాపు సిరంజి పట్టుకుని నేను మోచేతుల దాకా ట్యాంకులో దిగేవాణ్ణి. తాకితే చాలు అవి రాతి సందులోకి ముడుచుకునేవి. “ఆగమాగం జేయకు. పసిపిల్లకు బువ్వ పెట్టినట్టు మెల్లగ పెట్టు. అగో, గా మూలకొకటి దాసుకున్నది!” అని అవ్వ కుర్చీలోంచే నడిపించేది. (ప్రాక్టికల్స్‌లో మా లెక్చరరు ఇంత శ్రద్ధ చూపి ఉంటే నేను ఇంకేదైనా అయ్యేవాణ్ణి.)

సేటు వచ్చే రోజు పొద్దున ట్యాంకు వైపు చూడటానికే భయపడ్డాను. “ఇటు రా కొడుకా” అని అవ్వ పిలిచింది. రాళ్ల మీద గోధుమరంగువి ఒక్కటీ లేవు, పగడం ఒక పక్క కొద్దిగా, చాలా కొద్దిగా, విచ్చుకుని ఉంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

సేటు సంచి దించకుండానే ట్యాంకు దగ్గరకు వెళ్లాడు. చాలాసేపు చూసి, “మంచిగనే చూసుకున్నవ్ రా” అన్నాడు. తరువాత తల్లి పక్కనున్న డబ్బీ మూత తీసి, ఖాళీగా ఉండటం చూసి, “ఏందమ్మా, సున్నం అంత ఒడగొట్టినవ్?” అన్నాడు. “మీరు లేకపోతే పొద్దు పోలేదు, ఆకులు బాగ నమిలిన” అంది అవ్వ. ఆమె పెదవుల మీద ఎరుపు చుక్కంత కూడా లేదు. నేను చీరల వరుస సర్దడానికి లోపలికి పారిపోయాను.

ఇప్పుడు జనగామలోనే నాకు చిన్న చేపల దుకాణం ఉంది. అది తెరిచిన రోజు అవ్వ ఆ డబ్బీని నా చేతిలో పెట్టింది. ఇప్పుడామె లేదు. మొన్న ఒక బడిపంతులుగారు వచ్చి, ట్యాంకులో ఏదో గోధుమరంగు మొక్క మొలిస్తే కత్తెరతో శుభ్రంగా కోసేశానని చెప్పారు. ఆ ముఖంలోని గర్వం నాకు బాగా తెలిసినదే. “ఏం చదివిన్రు సార్?” అని అడిగాను. “బీయస్సీ” అన్నారు. నేను నవ్వు ఆపుకుని, “కూసోండి సార్, నాటేసిన్రన్నట్టు” అంటూ సొరుగులోంచి అవ్వ డబ్బీ బయటికి తీశాను.