క్షమాభిక్షకు మూఢం లేదన్న పిన్ని

పోయిన నెలలో ఒక పొద్దున సత్తెనపల్లి బస్టాండులో దిగి నేను పాఠాలు చెప్పే స్కూలుకు నడుస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. "పిన్ని పోయిందే" అంది. వాకిట్లో కళ్ళాపి చల్లి వచ్చి మంచం మీద కూర్చున్న మనిషి, కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. నేను స్కూలుకు వెళ్ళలేదు. వెనక్కి తిరిగి ఇంటికి పోయే క్రోసూరు బస్సెక్కాను.

పిన్ని మాకు చుట్టం కాదు, ఎదురింటి మనిషి. వీధిలో పెద్దా చిన్నా అందరికీ పిన్నే. వయసులో తనకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిస్తే "పళ్ళూడిపోయినయ్, మీకు నేను పిన్నినా?" అని తగులుకునేది.

భర్త పోయాక ఆమె కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళింది. పనిలో పెట్టుకున్నవాళ్ళు పాస్‌పోర్టు లాక్కున్నారు. బయట తాళం వేసేవారు. జీతం అడిగితే చెయ్యి చేసుకునేవారు. ఒకరోజు చెత్తసంచి పారేయమని తలుపు తీస్తే, సంచి తొట్టిలో వేసి అటునుంచి అటే నడిచిపోయింది. పనిలో పెట్టుకున్నవాళ్ళ ఇల్లు వదిలితే వీసా చెల్లదు, ఆ నిమిషం నుంచి ఆ దేశంలో ఆమె అక్రమంగా ఉంటున్న మనిషి. కొన్నేళ్ళు అలాగే దాక్కుంటూ ఇళ్ళలో పాచిపని చేసింది. తర్వాత అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. గడువులోపల వచ్చి చెప్పుకున్నవాళ్ళను జైలూ జరిమానా లేకుండా సొంత దేశానికి పంపేస్తారు. అలా వచ్చింది పిన్ని. "దొంగతనంగా ఉన్నావంట గదా" అని ఎవరైనా అంటే ఊరుకునేది కాదు. "దొంగతనం చేసింది నేనా, నా పాస్‌పోర్టు దాచినోళ్ళా?"

వచ్చాక మిరపకోతలకు పోయేది. పోలీసు జీపు వీధిలోకి వస్తే మాట మధ్యలో ఆపేసేది. జీపు దాటిపోయాక తనలో తాను నవ్వుకుని, ఆపిన చోటునుంచే మళ్ళీ అందుకునేది. ఊళ్ళో ఏ ఆడపిల్ల గల్ఫ్‌కు పోతుందని తెలిసినా పిలిపించి పాస్‌పోర్టు నంబరు నోటికి అప్పజెప్పించేది. తప్పితే మళ్ళీ మొదటినుంచి. "కాగితం లాక్కుంటారు, నంబరు లాక్కోలేరు" అనేది.

ఒకసారి మా వీధి చివర టీకొట్టు దగ్గర పెద్ద తగువైంది. సున్నపు బట్టీల్లో పనికొచ్చిన కొందరు కూలీలు సరిహద్దు దాటి వచ్చిన పరాయి దేశంవాళ్ళని పుకారు పుట్టింది. మా ఊరి పెద్దాయన ఒకరు, ఎన్నికల్లో తిరిగే మనిషి, "ఎముకల్లో సున్నం లేకుండా తన్ని తరిమితే సరి" అన్నాడు. పాలకోసం వచ్చిన పిన్ని ఆగింది.

"మావా, నీ చేలో పరాయి గొడ్డు పడితే ఏం చేస్తావ్?"

"బందెలదొడ్డికి తోలిస్తా."

"తోలించు, తప్పులేదు. నీ చేను నీది. మరి దొడ్లో దానికి మేతా నీళ్ళూ పెడతారా లేదా? నీ చేలోకి తోలినోణ్ణి అడుగుతావా లేదా?"

"గొడ్డూ మనిషీ ఒకటేనా?"

"నేనూ అట్టా పడ్డ గొడ్డునే మావా. నన్ను తోలిన ఏజెంటుని ఒక్కడు అడగలా. వాళ్ళు మనోళ్ళో కాదో ఆఫీసర్లు విచారించనీ. కాదంటే పంపనీ. చేసిన పనికి కూలిచ్చి పంపమను, తీసుకొచ్చినోణ్ణి పట్టుకోమను. సరిహద్దులో గోడ ఎత్తు పెంచితే ఏజెంటు రేటు పెంచుతాడు, అంతే."

పెద్దాయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోడు. కానీ ఆ రోజు తన్నడానికి మాత్రం ఎవరూ పోలేదు.

ఇదంతా నాకు ఎందుకు పట్టిందంటే, అప్పటికి మా అక్క కూడా కువైట్‌లో కాగితాలు లేకుండానే ఉంది. పిన్నికి చెప్పకుండా ఒక ఏజెంటును నమ్మి వెళ్ళి, పిన్ని పడ్డ గోతిలోనే పడింది. నాన్న పోయినప్పుడు రాలేకపోయింది. రాత్రీ పగలూ అమ్మకు ఒకటే దిగులు, తన ప్రాణం పోయేలోగా బిడ్డను చూస్తానో లేదోనని.

అంతలో అక్కడ మళ్ళీ క్షమాభిక్ష ప్రకటించారు. ఈసారి ఇంటికి పోయినవాళ్ళు సరైన వీసా మీద తిరిగి రావచ్చని కూడా చెప్పారు. మేం ఎగిరి గంతేశాం. అక్క కదల్లేదు. అది పట్టుకోవడానికి పన్నిన వల అని, ఆమెతోపాటు ఒకే గదిలో దాక్కుని ఉంటున్న ఆడవాళ్ళంతా నమ్మారు. ఇక్కడ మా అమ్మ ఇంకో మెలిక పెట్టింది. "ఇప్పుడు మూఢమంట. పంతులుగారు ప్రయాణాలు వద్దన్నారు. మూఢం పోయినాక బయల్దేరితే మంచిది." మూఢం పోయేసరికి గడువూ పోతుంది.

పిన్ని తల పట్టుకుంది. "ఏమే, క్షమాభిక్షకి మూఢం ఉండదే! గడువే ఉంటది. మూఢంలో పెళ్ళి చేసుకోబోతందా అది? ఇంటికొస్తంది!"

అమ్మను అలా కేకలేసి ఊరుకోబెట్టింది. అక్కకు మాత్రం కేకలు పనిచేయవని తెలుసు. శుక్రవారం సెలవునాడు వీడియో కాల్లో ఆ గది ఆడవాళ్ళనందరినీ కూర్చోబెట్టింది. మిరపకోతలో ముఠా చేలో దిగితే ముందు ఒకామె సాలు పడుతుంది, ఆమె వెనకే మిగతావాళ్ళు పడతారు. అదే చెప్పింది పిన్ని. "అందరూ ఒక్కసారి పోబాకండి. ఒకతి ముందు పోవాల. ఇల్లు చేరి ఫోన్ చెయ్యాల. అప్పుడు రెండోది." ఆ గదిలో వినుకొండ ఆమె ఒకతి ఉంది, జబ్బుతో ఉంది, ఏమైనా సరే పోతానంది. వెళ్ళింది. వినుకొండ స్టేషన్లో దిగి, ప్లాట్‌ఫారం మీద నుంచే అక్కావాళ్ళకు వీడియో కాల్ చేసింది. వెనకాల కొండ కనబడింది. వారం తిరక్కుండా గదంతా ఖాళీ అయింది.

అక్క మూఢంలోనే వచ్చింది. ఏ కీడూ జరగలేదు. కొన్నాళ్ళు ఇంట్లో ఉండి, కొత్త పాస్‌పోర్టు తీసుకుని, ఈసారి ప్రభుత్వ సంస్థ ద్వారా మళ్ళీ వెళ్ళింది. "భయపెట్టినోడికి మనిషి దొరకడే, దారి చూపినోడి కాడికి తనే వస్తాడు" అని పిన్ని ఎన్నోసార్లు అనేది. మా ఇంట్లోనే అది నిజమైంది. ఆమె లేకపోతే అక్క ఈపాటికి ఏమయ్యేదో తలచుకోవడానికి కూడా నాకు ధైర్యం లేదు.

పిన్ని పెద్దకర్మకు అక్క సెలవు పెట్టి వచ్చింది. వీధి మొదట్లోనే ఆటో దిగి, మా ఇంటి వైపు చూడకుండా ఎదురింట్లోకి పోయింది. నాన్న పోయిన రోజు అక్క ఫోన్లోనే చూసింది. ఏడుపు వినబడితే ఆ బిల్డింగులో ఎవరైనా పోలీసులకు చెబుతారని నోట్లో చున్నీ కుక్కుకుంది. ఆ తెర మీద ఆమె భుజాలు కదలడమే మాకు కనబడింది. ఇప్పుడు పిన్ని గడప మీద కూలబడి, "పిన్నీ, నన్ను ఇంటికి తెచ్చావు గదే" అని గొంతెత్తి, వీధి వీధంతా వినబడేట్టు ఏడ్చింది. టీకొట్టు దగ్గరి పెద్దాయన కూడా లేచి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఊరుకోమని ఎవరూ అనలేదు.