చిల్పూర్ గుట్ట కింద మనుషులు

అప్పట్లో నేను జనగామలో బస్సు డ్రైవర్‌ని. చిల్పూర్ వైపు పల్లెలకు నా బండి తిరిగేది. తెల్లవారుజామున గుట్ట నీలంగా ఉండేది. ఎండ పడ్డాక ఎర్రబారేది. ఆగి చూద్దామంటే వెనక బస్సు నిండా జనం. అందుకే చూసిందంతా మనసులో పెట్టుకుని, ఇంటికొచ్చి కాగితం మీద దింపేవాణ్ణి. బొమ్మలు వేయడం నాకెవరూ నేర్పలేదు.

రైల్వేస్టేషన్ దగ్గర బోర్డులు రాసే ముసలాయన ఉండేవాడు. అందరం చాచా అనేవాళ్లం. మిగిలిపోయిన రంగులు నాకోసం డబ్బాల్లో దాచి ఉంచేవాడు. ఒకసారి నా బొమ్మ చూసి, "పచ్చరంగు సీదా డబ్బాలకెల్లి పెట్టకు బేటా. జర పసుపు కలుపు, జర మట్టిరంగు కలుపు. పొలం అంత ఒక్క తీరుగ ఉంటదా?" అన్నాడు. అంతే, అదొక్కటే నేను విన్న పాఠం.

తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులన్నీ డిపోలో ఆగిపోయాయి. పగలు డిపో ముందు రోడ్డు పక్కన వేసిన సమ్మె శిబిరంలో కూర్చునేవాళ్లం. నాకు మాత్రం పొద్దున పూట తీరిక దొరికింది. సైకిల్ మీద చిల్పూర్ పోయి, ఇన్నేళ్లు బస్సు అద్దంలోంచి చూసిన గుట్ట ముందు మొదటిసారి నింపాదిగా కూర్చున్నాను.

ఒకనాడు మా కండక్టర్ తెల్లగుడ్డ ఒకటి తెచ్చాడు.

"అన్నా, శిబిరం వెనక కడదాం. తెలంగాణ పటం వెయ్యరాదా."

"పటం అన్ని శిబిరాలల్ల ఉన్నది తమ్మీ. నేను గుట్ట వేస్త," అన్నాను.

గుట్ట, దాని కింద పత్తి చేన్లు, మధ్యలో ఎర్రమట్టి బాట వేశాను. గుడ్డ కట్టాక వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. నా బొమ్మను నలుగురు చూడటం అదే మొదలు. లోలోపల పొంగిపోయాను.

మరునాడు చిల్పూర్ నుంచి కొందరు రైతులు మాకు మద్దతుగా వచ్చారు. వాళ్లలో ఒక అవ్వ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది.

"గిది మా గుట్టనే గద బాపు?"

"అవునవ్వా."

"మరి చేన్ల ఒక్కలు లేరేంది? మేమంత యాడికి పోయినం?"

అవ్వ అడిగింది నిజమే. బస్సులోంచి రంగులు చూశాను, గుట్ట చూశాను. వంగి పని చేసేవాళ్లు నా కంటికి ఆననే లేదు. చాచా దుకాణానికి పోయి కుంచె, రంగులు తెచ్చాను. మనుషులను ఎన్నడూ వేయలేదు. మొదటి మనిషి కొయ్యలా వచ్చింది.

"గట్ల నిలవడితె పత్తి ఎట్ల ఏరుతరు? ఇటు సూడు," అంటూ అవ్వ కొంగును నడుముకు ఒడి కట్టి, రోడ్డు పక్కనే వంగి, రెండు చేతులా పత్తి ఏరుతున్నట్టు చూపించింది. శిబిరంలో అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నేను ఆమెను చూస్తూ వేశాను. సాయంత్రానికి చేను నిండా ఆడవాళ్లు.

సమ్మె ముగిశాక గుడ్డను పక్కనున్న చాయ్ హోటల్ అతను ఎండకు అడ్డంగా కట్టుకున్నాడు. ఇంటికి తెమ్మని మా ఆవిడ చాలాసార్లు అడిగింది. దాని నీడలో జనం చాయ్ తాగుతుంటే విప్పబుద్ధి కాలేదు. రంగులు వెలిసి, గుడ్డ చిరిగేదాకా అక్కడే ఉంది.