దీపాలవేళకు ఇల్లు చేరేవాడు

కుక్కపిల్లను ఎంచడానికి మా నాయన పడ్డ శ్రమలో సగం కూడా నాకు మొగుణ్ని ఎంచడానికి పడలేదు. నా పెళ్లి ఒక్క పూటలో తేల్చేశాడు, మా అమ్మ తమ్ముడితో. కుక్క కోసం మాత్రం మూడు ఆదివారాలు మద్రాసులో పురసవాక్కం నుంచి రాయపురం దాకా తిరిగాడు.

రాయపురంలో రైల్వే ఉద్యోగం మాని అల్సేషన్ కుక్కల్ని పెంచి అమ్మే ఆంగ్లో ఇండియన్ ఒకాయన ఉండేవాడు. కుక్కపిల్లతోపాటు దాని వంశం రాసిన కాగితం కూడా ఇచ్చాడు. అందులో తల్లి వైపూ తండ్రి వైపూ తాత ఒక్కటే. మా నాయన మురిసిపోయాడు.

"చూస్తివా, మన ఇండ్లల్లో మాదిరే మేనరికం. బయటి రక్తం చుక్క లేదు!"

ఆ కాగితానికి అద్దం కట్టించి తాతల ఫోటోల పక్కన తగిలించాడు. నాకు అప్పుడే ఒళ్లు మండింది.

కొన్ని నెలలకు పిల్ల, పొద్దు గూకితే గడపలు తన్నుకుని పడడం మొదలుపెట్టింది. పగలు బాగానే ఉండేది. సాయంత్రమైతే గోడకు ఒళ్లు ఆనించి రాసుకుంటూ నడిచేది. పశువుల డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూశాడు. రేచీకటి అన్నాడు. తాత నుంచి వచ్చిందట, ఒకే రక్తంలో కలిపితే ఇట్లా బయటపడుతుందట, మందు లేదట, పోనుపోను పగటి చూపు కూడా పోతుందట.

నాయన నన్నూ పిల్లనూ రిక్షాలో వేసుకుని అటునుంచి అటే రాయపురం పోయాడు. ఆ కుక్కలాయన ఇంటిముందు నడివీధిలో నిలబడి అరవంలో అరిచాడు. తెలిసీ ఎందుకు చెప్పలేదు, దాచిపెట్టి అంటగడతావా, నీతి ఉందా నీకు అని. ఆయన తలుపు వేసుకున్నాడు. పిల్ల నా ఒడిలోనే తిరిగి ఇంటికొచ్చింది.

ఆ వారమే మామ, అదే నాకు కుదిర్చిన అమ్మ తమ్ముడు, వచ్చాడు. మామ గురించి మా ఇంట్లో ఒకటే పొగడ్త: బుద్ధిమంతుడు, దీపాలు పెట్టేసరికి ఇంట్లో ఉంటాడు, సినిమాలూ షికార్లూ ఎరగడు. ఆ రోజు మాటల్లో పడి పొద్దుపోయింది. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి లేచాడు. నడవాలో బల్బు లేదు. అరచేయి గోడకు ఆనించి, రాసుకుంటూ నడిచాడు. అదే గోడ వెంట కుక్కపిల్ల ఎదురొచ్చింది. ఇద్దరూ ఢీకొన్నారు. అమ్మ పరుగున లాంతరు తెచ్చింది. అమ్మమ్మ ఉన్న రోజుల్లోనూ ఆమె కోసం అమ్మ ఇట్లాగే పరిగెత్తేది. అంటే నాకు తప్ప ఇంట్లో అందరికీ ముందే తెలుసు.

మామ పోయాక నాయనను అడిగాను.

"నాయనా, ఆ కుక్కలాయన్ని వీధిలో నిలబడి అడిగినావే, అదే నేనూ అడుగుతా ఉండా. తెలిసీ ఎందుకు చెప్పలా?"

"ఆయన పరాయోడు, మోసం చేసినాడు. ఇది మనింటి సంగతి. మనలో మనకు చెప్పుకునేదేముండాది?"

నాయనకు కోపం కూడా రాలేదు. నిజంగానే అర్థం కాలేదు. దానికే నేను ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు.

గోడ మీది ఆ కాగితం తీసి ఆయన ముందు పెట్టి, ఈ పెళ్లి చేసుకోనన్నాను. అమ్మ ఏడ్చింది. నాయన చనిపోయేదాకా నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

మరుసటి ఏడాదికి కుక్క పూర్తిగా గుడ్డిదైంది. అప్పటికి ఇల్లంతా దానికి కంఠతా వచ్చేసింది. ఎవరైనా కుర్చీ జరిపితే మాత్రం, అది తగులుకోకముందే నేను దానికి చెప్పేదాన్ని.