శటరు మీద సొట్ట

మా తాత కుమకురా తొకుజి మెరుగుపెట్టిన ఇంజిన్ మూత మీద వాలిన ఈగ, అందులో తన ముఖం చూసుకుని, ఇంత మురికిగా ఉన్నానా అని సిగ్గుపడి స్నానానికి వెళ్ళిపోతుంది. త్సుబమే ఊళ్ళో వీధికో పాలిష్ చక్రం తిరుగుతుంది గానీ ఈగలకు శుభ్రం నేర్పే చక్రం మా ఇంట్లోదే. పైగా యాభై రెండేళ్ళలో ఆయన చేతిలోంచి ఒక్క ముక్క జారలేదు.

ఉదయం ఏడింటికి మనిషిలా పని గదిలోకి వెళ్ళి మధ్యాహ్నానికి బొగ్గు బస్తాలా బయటికొస్తాడు. అద్దాలు పెట్టుకున్న మేర రెండు తెల్లటి గుండ్రాలు తప్ప ముఖమంతా మసే. అల్యూమినియం మెత్తటిది. గట్టిగా నొక్కితే దాని ఒళ్ళంతా అలలు లేస్తాయి, మెల్లగా నొక్కితే అచ్చులో పోతపోసినప్పటి గరుకు పోదు. గరుకు కాగితంతో గంటలకొద్దీ రుద్ది, నార చక్రానికీ ఆ తర్వాత గుడ్డ చక్రానికీ ఆనించి, ఆఖరున మూతకు ఎదురుగా దినపత్రిక పట్టుకుంటాడు. చావు ప్రకటనల సన్న అచ్చు మూతలో తిరగబడి చదవడానికి వస్తేనే పని పూర్తయినట్టు. ఊళ్ళో ఎవరు పోయారో మా తాతకు ఎప్పుడూ తిరగేసే తెలిసేది.

పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు ఆయన చెప్పే పాఠం ఒక్కటే. ముక్క అంచును తిరిగే చక్రానికి ఎదురుపెట్టకూడదు. పెడితే చక్రం దాన్ని కొరికి, లాక్కుని, విసిరేస్తుంది. “అంచు, అంచు. ఎన్నిసార్లు చెప్పాలిరా, చెవులు ఇంట్లో మర్చిపోయొచ్చావా?” అని ఎంతమందిని ఏడిపించాడో లెక్కలేదు.

నవంబరులో యహగి ఒక మూత తెచ్చాడు. ఆయనకు స్టేషను వెనక తోఫు, అంటే సోయా జున్ను, అమ్మే కొట్టుంది. యాభై ఏళ్ళనాటి మోటారు సైకిలొకటి ఉంది. దాని ఇంజిన్‌కు కుడివైపు మూత ఇప్పుడెక్కడా తయారవడం లేదు. మూడేళ్ళు వెతికి, షిమోదా కొండల్లో ఒక పెద్దాయన దగ్గర కొన్నాడు. పసిపిల్లను అందించినట్టు రెండు చేతులతో తాతకు అందించాడు.

నాలుగో రోజు పని గదిలో ధణేల్‌మంది. నేను వెళ్ళేసరికి చక్రం ఆపేసి ఉంది. తాత శటరు దగ్గర మూత పట్టుకుని నిలబడ్డాడు. బోల్టు బిగించే చెవి ఒకటి ఊడి నేల మీద పడుంది.

“ఏంటి తాతా ఆ చప్పుడు?”

“గాలి.”

“శటరుకి ఈ సొట్ట ఎక్కడిది?”

“గాలి అన్నాగా. పోయి బియ్యం కడుగు, కోతీ.”

కొన్నాళ్ళుగా ఆయన కుడి బొటనవేలు తిమ్మిరెక్కుతోంది. ఎవరికీ చెప్పలేదు. ఆ వేళ వేలు పట్టు తప్పింది, మూత చేతిలోనే తిరిగింది, అంచు చక్రానికి ఎదురయింది. పాఠం చెప్పిన నోరు ఒకటి, చేసిన చెయ్యి ఒకటి, రెండూ ఆయనవే.

సాయంత్రం యహగి వచ్చాడు. ‘నా చెయ్యి జారింది’ అని చెప్పాలనే తాత గుమ్మం దాకా వెళ్ళాడు. ‘నా’ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోయింది.

“చెవి దగ్గర ముందే చీలి ఉందయ్యా. రుద్దుతుంటే ఊడొచ్చింది.”

యహగి కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన నడుం విరిగేలా వంగాడు. “చీలిన ముక్క మీ చేతిలో పెట్టాను, మేస్త్రీగారూ. వేలికి తగిలుంటే ఏమయ్యేది? క్షమించండి.” వారం తిరక్కుండా క్షమాపణగా బేరిపళ్ళ పెట్టె ఒకటి తెచ్చిచ్చాడు.

మా ఇంట్లో ఏ కానుక వచ్చినా ముందు పోయిన నాయనమ్మ ఫోటో ముందు పెట్టాలి. ఆవిడ చూశాకే మేం తినాలి. ఆ పెట్టెను మాత్రం తాత అల్మరాలో దుప్పట్ల వెనక దాచాడు. పళ్ళు మాగాయి. తేనె కాస్తున్నట్టు ఇల్లంతా ఒకటే వాసన.

“తాతా, ఏంటా వాసన అని నాయనమ్మ అడుగుతోంది.”

“దుప్పట్లలో కర్పూరం అని చెప్పు.”

“నమ్మట్లేదు.”

ఆయన లేచి వెళ్ళి ఫోటోకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను దొంగచాటుగా మూడు పళ్ళు తిన్నాను. ఆయన ఒక్కటీ ముట్టలేదు.

డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం యహగి మళ్ళీ వచ్చాడు. వెంట ఎనభై దాటిన పెద్దాయన, చేతిలో బియ్యప్పిండి బిస్కెట్ల డబ్బా. పేరు మురొహాషి. మూత అమ్మింది ఆయనే.

టీ ముట్టకుండానే చాప మీద నుదురు ఆనించాడు. “గీత కూడా లేదని మాటిచ్చి అమ్మాను మేస్త్రీగారూ. రెండు రోజులు తిప్పి తిప్పి చూశాను. నా కంటికి ఆనలేదు. మీ చేతికి ప్రమాదం తెచ్చాను.”

“అయ్యో, లేవండి అన్నగారూ, లేవండి,” అన్నాడు తాత. ఆయన మెడ మసి కింద కూడా ఎర్రబడింది.

“సోమవారం వెళ్ళి నా డ్రైవింగు లైసెన్సు తిరిగిచ్చేస్తున్నాను. చీలికే కనబడనివాడికి రోడ్డు మీద పిల్లలేం కనబడతారు?”

“మరి మీ కొండ మీదికి బస్సు?”

“పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మా ఆవిడ మోకాళ్ళ ఆస్పత్రికి ఎలాగో తిప్పలు పడాలి. ఒకసారి ఆ చీలిక చూపించండి. చూస్తే మనసు కుదుటపడుతుంది.”

తాత లేవలేదు. యహగే పని గదిలోకి వెళ్ళి మూత, ఊడిన చెవి తెచ్చాడు. మురొహాషి విరిగిన చోటును కిటికీ వైపు తిప్పి, అద్దాలు తీసి, ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకున్నాడు. మళ్ళీ అద్దాలు పెట్టుకుని చూశాడు.

“చూడండి, ఇప్పుడు కూడా కనబడట్లేదు,” అన్నాడు నీరసంగా. “పాత చీలికైతే నూనె పట్టి నల్లగా ఉండాలి కదా. నాకు అంతా తెల్లగా, నిన్న విరిగినట్టే ఉంది. నా కళ్ళ పని అయిపోయింది.”

అంతా తెల్లగానే ఉంది. ఆయన చూసింది చూసినట్టే చెప్పాడు.

తాత తన టీ గిన్నెను పక్కకు జరిపాడు. “మీ కళ్ళకు ఏమీ కాలేదు. నేను అంచు ఎదురుపెట్టాను. నా బొటనవేలు పట్టు తప్పింది. మూత ఎగిరెళ్ళి పని గది శటరుకి కొట్టుకుంది. చీలిక లేదు, ఏమీ లేదు. అబద్ధం చెప్పాను.”

యహగి తన టీ గిన్నెను కింద పెట్టేశాడు. మురొహాషి లేచి పని గదిలోకి వెళ్ళి శటరు మీద సొట్టను వేలితో తడిమాడు.

“అయితే నాకు బాగానే కనబడుతోందన్నమాట,” అన్నాడు. “మూడు వారాలుగా మా ఆవిడ నన్ను గుడ్డాయనా అని పిలుస్తోంది.”

తిరిగొచ్చి తను తెచ్చిన డబ్బా తీసుకున్నాడు. “ఇది తప్పు చేసినవాడు ఇవ్వాల్సింది,” అని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. యహగి రెండు ముక్కలూ గుడ్డలో చుట్టుకుని వంగి నమస్కరించాడు. ఆ వంగడం ఇదివరకటంత లోతుగా లేదు. తాత అది గమనించాడు. ఈరోజుకీ యహగి మా ఇంటికి ఇంకో ముక్క తేలేదు. తాత తోఫు కొనడానికి పక్క పేట దాకా నడిచి వెళ్తాడు.

ఆ శనివారం మర్నాడే తాత కొత్త డబ్బా ఒకటి కొని, వస్తున్నానని మురొహాషికి ఫోన్ చేసి, పొద్దుటి బస్సులో షిమోదా వెళ్ళాడు. బస్సు దిగేసరికి మంచులో చిన్న లారీ ఆగి ఉంది. మురొహాషి అద్దం దించాడు.

“ఎక్కు. నా కళ్ళ మీద నమ్మకముంటే.”

దారి పొడుగునా ఎడమవైపు లోయే. తాత ఒళ్ళో డబ్బాను గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకోకుండా కూర్చున్నాడు. కళ్ళు మూసుకునే హక్కు ఆ రోజు తనకు లేదనుకున్నాడట.

ఇదంతా రాసి, మొదటి నుంచీ తాతకు చదివి వినిపించాను. బొటనవేలు నొక్కుకుంటూ విన్నాడు.

“ఒక్క ముక్క జారలేదని ఎందుకు రాశావు? జారింది, అబద్ధం చెప్పాను. ముందు అది రాయి. ఈగల స్నానం సంగతి ఎవడిక్కావాలి?”