చెయ్యెత్తే ముందు

మా ఊరి రైల్వే ప్లాట్‌ఫాం ఎంత పొడుగో అంత పొడుగు ఒట్టు వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. మా రైల్వే వాళ్లుండే ట్రాఫిక్ కాలనీలో నా మాటల్ని సగానికి సగం కోసి నమ్ముతారు. దీన్ని మాత్రం కోయకండి.

మా బావ గూడ్సు బండి గార్డు, చివరి పెట్టెలో నిలబడి ఆయన చెయ్యెత్తితేనే బండి కదిలేది. రిటైరయ్యాక ఊళ్లోనే మలంచా పేటలో ఇల్లు కట్టుకుని, ఏమీ తోచక నాతోపాటు ఆన్‌లైన్ ఆటకి మరిగాడు. ఎడారిలో ఒంటెల వరసను దొంగల బారిన పడకుండా ఊరు చేర్చాలి. ముందు నా బొమ్మ, చివర ఆయన బొమ్మ. ఎక్కడ నిలబడినా ఆటకి ఒకటే. ఆయన మాత్రం చివర తప్ప నిలబడడు. ఆయన బొమ్మ చెయ్యెత్తితేగాని నేను కదలకూడదు.

“ఎల్దామా బావా? దొంగలు ముసలోళ్లయిపోతన్నారు!”

“నేను సెయ్యెత్తకుండా బండి కదిలిందా, నీ మీద రిపోర్టు రాసేస్తాను బామ్మర్దీ!”

పోయిన చలికాలం బావ చనిపోయాడు. నెల రోజులు ఎవరూ తెరవకపోతే ఆ బొమ్మను ఆట తీసేస్తుంది. ఆయన పాస్‌వర్డు నా దగ్గరుంది. మాక్రో రాశాను. అంటే, ఒక్క మీట నొక్కితే ముందే రాసిపెట్టిన పనులన్నీ వాటంతటవే వరసగా జరిగిపోతాయి. బావ బొమ్మ చెయ్యెత్తుతుంది, రెండు సెకన్లాగి నాది కదులుతుంది, ఆయనది వెనకాలే వస్తుంది. ఒక్క వేలితో ఇద్దరం నడిచాం.

బావ పోయినప్పటి నుంచీ అక్క సరిగ్గా ముద్ద ముట్టడం లేదు. ఒక మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకెళ్లి దాని ముందు పెట్టాను. మీట మీది వేలికి తువ్వాలు కప్పాను.

“సూడక్కా! నేనేటీ ముట్టుకోలేదు. బావే సెయ్యెత్తినాడు!”

అక్క కళ్లద్దాలు తుడుచుకుని చూసింది. నవ్వింది. లేచి వెళ్లి కంచంలో పప్పన్నం కలుపుకొచ్చి పక్కన కూర్చుంది. మర్నాడూ వెళ్లాను. ఆ మర్నాడూ. అక్క తింటూంటే నా కోతలన్నింటిలోకీ ఇదే గొప్ప కోత అనుకున్నాను.

వారం తిరిగేసరికి ఓ రోజు అక్క చేతిలో ముద్ద ఆగిపోయింది.

“ఒరే తమ్ముడూ, ఆ తువ్వాలు తియ్యి.”

తీశాను.

“మొదటి రోజే తెలిసిందిరా. మీ బావ సెయ్యెత్తే ముందు ఒకసారి ఎనక్కి సూసేవోరు. డ్యూటీకెల్తే గేటుకాడ ఆగి, తిరిగి నన్ను సూసి, అప్పుడెత్తేవోరు. ఈ బొమ్మ సూడట్లేదు.”

“అదెంతసేపక్కా, సూసినట్టు కూడా రాసేస్తాను.”

“వద్దురా. డ్యూటీ దిగిపోయిన మనిషిని మల్లీ బండెక్కించకు. ఆపీ.”

అక్క కళ్లముందే మాక్రో చెరిపేశాను. నెల తిరిగింది. బొమ్మ పోయింది.

చెరిపేశానన్నదీ, బొమ్మ పోయిందన్నదీ నేను కల్పించినవి. ఆ రోజు లాప్‌టాప్ మూత వేశాను, అంతే. అక్కకి ఇప్పటికీ తెలియదు. ఇంటికొచ్చి మాక్రోలో ఇంకో పని చేర్చాను. ఇప్పుడు బావ బొమ్మ చెయ్యెత్తే ముందు వెనక్కి తిరుగుతుంది. అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. అయినా కాసేపు ఆగి చూస్తుంది.