దాలమ్మ మడి

నారాయణమ్మకు సవతి ఉంది. ఆ సవతి చనిపోయి ముప్పై మూడేళ్ళయింది. అయినా ఉంది. నరసన్నపేటకు నాలుగు కిలోమీటర్ల దూరంలో, కాలవ పక్కన, ఎనభై సెంట్ల మడిగా ఉంది.

జగన్నాధం మొదటి పెళ్ళాం దాలమ్మ. కాపురానికి వచ్చిన రెండో ఏడు, ఉడుపుల రోజుల్లో, నారు నాటుతుండగా ఆ మడిలోనే పాము కరిచి పోయింది. అంతవరకూ దాన్ని కాలవ మడి అనేవారు. ఆ ఏడాది నుంచి ఊరంతా దాలమ్మ మడి అంది. ఎవరూ కూర్చుని పెట్టిన పేరు కాదు, నోళ్ళలో పడి నిలిచిపోయింది. మరుసటేడు నారాయణమ్మ ఆ ఇంటికి కోడలైంది. అప్పటినుంచీ ఆ మడిలో వంగి నాటింది ఆమె, కలుపు తీసింది ఆమె, కోసింది ఆమె, నడుం పోగొట్టుకున్నదీ ఆమే. పేరు మాత్రం రెండేళ్ళు కాపురం చేసి పోయిన మనిషిది.

అదైనా ఓర్చుకునేదేమో. ఆ ఊళ్ళో ఆ వయసు మగవాళ్ళు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవరు. జగన్నాధానికి నారాయణమ్మ 'ఒసే'. పిలిచినా ఒసే, తిట్టినా ఒసే, జ్వరమొచ్చి మూలిగినా ఒసే. దాలమ్మ పేరు మాత్రం రోజుకు నాలుగుసార్లు ఆయన నోట వస్తుంది. "దాలమ్మ మడికి నీరెట్టినావేటే?" "దాలమ్మ మడి గట్టు తెగిపోనాది." పొద్దున్నే గంజి తాగుతూ మొగుడు సవతి పేరు తలుస్తుంటే ఏ ఆడదానికి ఒళ్ళు మండదు? నారాయణమ్మకు నిలువునా మండేది. ఎవరితో చెప్పుకుంటుంది? మడిని చూసి కుళ్ళుకుంటున్నానంటే నవ్విపోతారు.

అలాంటి ఇంటికి శ్రావణమాసంలో దేవి వచ్చింది. యూనివర్సిటీలో చదివే పిల్ల, పేర్ల మీద పరిశోధన చేస్తోందట. వాళ్ళ జట్టులో ఒకరు మనుషుల పేర్లు, ఒకరు ఊళ్ళ పేర్లు, ఒకరు పడవల పేర్లు పట్టుకున్నారట. ఈమె వంతుకు పొలాల పేర్లు వచ్చాయి.

"కాలవ పక్కనున్న మీ మడిని ఏమంటారమ్మా?" అని అడిగింది.

నారాయణమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఇంట్లో ఎవరూ లేరు.

"నారాయణమ్మ మడి" అంది.

దేవి రాసుకుని, "ఇంకో ఇద్దర్ని అడగాలమ్మా. మడిలో పనిచేసేవాళ్ళలో ఒకర్ని, ఆఖర్న మడి గలాయన్ని. మాటలు కలవకపోతే మడి గలాయన చెప్పిందే పుస్తకంలోకి ఎక్కుతుంది" అంది.

నారాయణమ్మ ఆ పిల్ల చేతికి కాఫీ గ్లాసు ఇచ్చి, తాగుతూ ఉండమని చెప్పి, పెరటి దోవన మడికి పరుగెత్తింది. ఉడుపులు జోరుగా సాగుతున్నాయి. నాటేవాళ్ళలో పెద్దది లక్ష్మణమ్మ. దాన్ని గట్టుమీదికి పిలిచింది.

"ఒలే, ఒక సదువుకున్న పిల్ల వస్తాది. ఈ మడి పేరేటని అడుగుతాది. నారాయణమ్మ మడని సెప్పు."

"ఎప్పట్నించే?"

"ఇప్పట్నించే. మజ్జేనం టీతో సేగోడీలెట్టిస్తాను."

లక్ష్మణమ్మ పకపకా నవ్వి ఒప్పుకుంది. అవతలి గట్టున జగన్నాధం పారతో మట్టి వేస్తున్నాడు. ఆయన దగ్గరకు మాత్రం నారాయణమ్మ వెళ్ళలేదు. అడిగి అనిపించుకుంటే అదేం పేరు? ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆయనంతట ఆయన నోట రావాలని ఆమె ఆశ. వస్తుందని ఏ ధైర్యంతో అనుకుందో ఆమెకే తెలియాలి.

దేవి వచ్చింది. లక్ష్మణమ్మ ఊరంతా వినబడేలా "నారాయణమ్మ మడి!" అంది. దేవి జగన్నాధం వైపు తిరిగింది.

"ఈ మడిని ఏమంటారండీ?"

"దాలమ్మ మడి."

"మరి వీళ్ళు నారాయణమ్మ మడి అంటున్నారే?"

జగన్నాధం పార మీద ఆనుకుని ఆలోచనలో పడ్డాడు. నిజంగానే ఆలోచించాడు, పాపం.

"నారాయణమ్మా? ఏ నారాయణమ్మ? మా ఊళ్ళో నలుగురున్నారమ్మా."

నాటే చేతులన్నీ ఆగిపోయాయి.

"ఏ నారాయణమ్మేటి? ముప్పై రెండేళ్ళుగా నీకు కూడొండి ఎడతన్న నారాయణమ్మ!" అని గట్టుమీంచి కేక పెట్టింది ఆమె.

"నువ్వా?" ఆయన తెల్లబోయాడు. "మడికి నీ పేరెందుకే? అది పోనాది గావట్టి పేరు మిగిల్నాది. నువ్వున్నావు కదే. ఒసే అంటే పలుకుతావు."

"అయితే నీ నోట నా పేరు రావాలంటే నాను సచ్చిపోవాలేటి?"

దేవి తలవంచుకుని నారాయణమ్మ పేరు కొట్టేసి దాలమ్మ పేరు రాసుకుంది. నారాయణమ్మ అదీ చూసింది. చీర ఎగదోపి మడిలోకి దిగి, ఒక నారుకట్ట అందుకుని, మొగుడికి వీపు పెట్టి నాటడం మొదలుపెట్టింది.

"ఒసే" అన్నాడు జగన్నాధం. ఆమె పలకలేదు.

"ఒసే, నిన్నేనే."

పలకలేదు. కాపురానికొచ్చాక ఒసే అంటే ఆమె పలక్కపోవడం ఇదే మొదలు. ఆయన పార కింద పెట్టాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కాలవ వైపు చూశాడు, దేవి వైపు చూశాడు. ఆడవాళ్ళంతా తలలు వంచుకుని చెవులు రిక్కించారు.

"నారా...యణమ్మా" అన్నాడు చివరికి.

దాలమ్మ పేరు వచ్చినంత తేలిగ్గా రాలేదు. ఆమె ముందుగా పట్టుకున్నది అదే, మళ్ళీ కడుపు మండింది. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు. చేతిలోని నాలుగు మొక్కలూ బురదలో గుచ్చి, వెనక్కి తిరక్కుండానే అంది.

"ఇనిపించలేదు. మల్లీ పిలు."